రోజూ మింగే ఒక్క కప్పు

మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పైకి వెళ్తుంది గానీ కిందికి రాదు. అసలే రాదని కాదు, ఖాళీగా ఉంటే బుద్ధిగా వస్తుంది. లోపల మనిషి ఉంటే మాత్రం మొండికేస్తుంది. తలుపు మూసుకుంటుంది, లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. మనం కూడా ఎక్కడికో వెళ్తున్నట్టు గంభీరంగా అంకెల వైపు చూస్తూ నిలబడతాం. కాసేపటికి తలుపు తెరుచుకుంటుంది. చూస్తే ఎక్కిన చోటే ఉంటాం.

మెకానిక్ వచ్చి చూశాడు. "మనుషులు ఎక్కకపోతే బానే పనిచేస్తోందండీ," అని చెప్పి వెళ్ళిపోయాడు. మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు వెంటనే చర్య తీసుకున్నారు. లిఫ్టు పక్కన "పైకి మాత్రమే" అని ఒక బోర్డు పెట్టించారు. ఆ బోర్డుకి లామినేషన్ కూడా చేయించారని తెలిశాక, ఇది ఇప్పట్లో బాగయ్యేది కాదని నాకు అర్థమైంది.

మొదట్లో అందరూ తిట్టుకున్నారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆ తర్వాత గొప్పలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. "మా లిఫ్టు పైకి మాత్రమేనండీ. దిగేటప్పుడు నడిస్తే మోకాళ్ళకి మంచిది," అని ఇంటికొచ్చిన వాళ్ళకి చెప్తుంటారు. ప్రెసిడెంటు గారైతే దీన్నంతా మా ఆరోగ్యం కోసం తనే దగ్గరుండి చేయించినట్టు మీటింగులో మాట్లాడారు. ఆయన ఐదో అంతస్తులో ఉంటారు. రిటైరయ్యాక ఆయన కిందికి దిగే పని పెద్దగా పెట్టుకోలేదు.

ఈ లిఫ్టు గొడవ మీకెందుకు చెప్తున్నానంటే, అది తిన్నగా ఉండుంటే నాకీ తిప్పలు వచ్చేవి కావు.

నేను కాఫీ రుచి చూసే ఉద్యోగం చేస్తాను. ఈ మాట అనగానే అందరూ "అబ్బ, అదృష్టవంతులండీ!" అంటారు. అలా అన్నవాళ్ళు మళ్ళీ ఈ జన్మలో నాకు కాఫీ ఇవ్వరు.

పని సంగతి చెప్తాను. పొడుగాటి బల్ల మీద కప్పులు వరసగా పెడతారు. ఒక్కో కప్పులో ఒక్కో బస్తా నుంచి తీసిన పొడి. వేడినీళ్ళు పోస్తే పొడి పైకి తేలి మందంగా తెట్టు కడుతుంది. దాన్ని చెంచాతో పగలగొట్టి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూడాలి. తర్వాత ఒక చెంచాడు తీసి జుర్రుమని పీల్చాలి. మెల్లగా పీలిస్తే లాభం లేదు, పక్క గదిలో వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా పీల్చాలి. అప్పుడు కాఫీ తుంపర్లుగా నాలుకంతా పడుతుంది. ఒక్క క్షణం ఆగి, పక్కనున్న పొడుగాటి స్టీలు తొట్టిలోకి ఉమ్మెయ్యాలి. మింగకూడదు. మింగితే మధ్యాహ్నానికి మన చేతులు మన మాట వినవు. ఉమ్మాక తీర్పు చెప్పాలి. "తడిసిన గోనె." "పాత అట్టపెట్టె." "కాలిన రబ్బరు." నా నోటి మాట మీద బస్తాలు లారీ ఎక్కుతాయి, లేకపోతే వెనక్కి పోతాయి. ఆఫీసులో నన్ను 'నాలుక గారు' అంటారు. నా కింద పనిచేసే ఆయన్ని 'కొండనాలుక' అంటారు. ఆయనకి ఇద్దరు పిల్లలు. ఇంట్లో కూడా అలాగే పిలుస్తారట.

ఆఫీసులో ఉన్న ఈ గౌరవం బయట నా కొంప ముంచింది. మా వదినకి నేనొస్తున్నానంటే చెమటలు పడతాయి. కొత్తగా పెళ్ళై వచ్చినప్పుడు ఒకసారి కాఫీ ఇచ్చి, పక్కన నిలబడి, "ఎలా ఉంది మరిదీ?" అని అడిగింది. అడిగింది కదా అని చెప్పాను. అప్పట్నుంచి నేను ఎప్పుడు వెళ్ళినా మజ్జిగే. చలికాలంలో కూడా మజ్జిగే.

"ఒరేయ్, బాగుంది అంటే నీ నోటి ముత్యాలేమైనా రాలతాయా?" అని ఒక చలికాలం అన్నయ్య వీధి చివరిదాకా వచ్చి మరీ తిట్టాడు.

"అబద్ధం చెప్పమంటావా?"

"మేమంతా అదే చెప్తున్నాం కదరా ఇన్నేళ్ళుగా!"

ఒకసారి నా పెళ్ళి మాటలు కూడా నడిచాయి. ఆ ఇంటివాళ్ళు కాఫీ ఇచ్చారు. మాటలు అక్కడితో ఆగాయి.

ఇప్పుడు నాకు యాభై ఆరు. మూడో అంతస్తులో ఒక్కణ్ణే ఉంటాను. నాలుక తాజాగా ఉన్నప్పుడే పని కాబట్టి పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను. ఆ తర్వాత సాయంత్రం ఒకటి ఉంటుంది చూడండి, అది గడవదు. టీవీ పెడితే అందులో వాళ్ళు ఎవరితోనో మాట్లాడుతుంటారు, నాతో కాదు. ఇంట్లో కాఫీపొడి ఉండదు. చెప్పుల కొట్టువాడు ఇంటికెళ్ళి కూడా చెప్పులు కొలుచుకోడు కదా. అందుకని ఐదయ్యేసరికి బ్రెడ్డు కొనాలన్న వంకతో కిందికి దిగుతాను. ఒక్క మనిషి రోజూ ఎంత బ్రెడ్డు తింటాడని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు.

లిఫ్టు పాడైంది కాబట్టి మెట్లు దిగాలి. మెట్లు దిగితే రెండో అంతస్తులో టైలరు గారి తలుపు వస్తుంది. వెలుతురు కోసం ఆవిడ తలుపు బార్లా తీసి, గుమ్మానికి దగ్గరగా మిషను వేసుకుని కుట్టుకుంటూ ఉంటారు. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. భర్త పోయారు. కూతురు వేరే ఊళ్ళో ఉద్యోగం.

ఒకరోజు నేను దిగుతుంటే పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకునే పిలిచారు. "ఏవండీ, పై ఇంటాయనా, ఈ సూదిలోకి దారం ఎక్కించి పోతారా? కళ్ళజోడు ఎక్కడో పెట్టాను."

కళ్ళజోడు తల మీదే ఉంది. ఆ మాట చెప్తే పని అయిపోతుంది. నేను చెప్పలేదు. దారం ఎక్కించాను. నిదానంగా ఎక్కించాను.

"కూర్చోండి, కాఫీ కలుపుతాను," అన్నారు.

ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. కాళ్ళు వాటంతటవే మడుచుకుని కుర్చీలో కూర్చున్నాయి.

"ఏం చేస్తుంటారు?" అని వంటింట్లోంచి అడిగారు.

నిజం చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. గ్యాసు కట్టేస్తారు, గిన్నె కడిగేస్తారు, మజ్జిగ తెస్తారు. "సరుకు తనిఖీ అండీ," అన్నాను. అబద్ధమేమీ కాదు.

"పాపం, దుమ్ములో పనేమో," అన్నారు.

కాఫీ తెచ్చారు. పెద్ద గ్లాసు, అందులో సగమే కాఫీ. చెప్పకూడదు గానీ, నా ఉద్యోగ జీవితంలో అంతటి కాఫీ నాకు తగల్లేదు. మా బల్ల మీదికి వచ్చి ఉంటే కొండనాలుక సెలవు పెట్టేవాడు. పొడి గడ్డకట్టి ఎప్పుడో చచ్చిపోయింది. పాలు మూడుసార్లు కాగి విసిగిపోయి ఉన్నాయి. పంచదార ఒక్కటే ఉత్సాహంగా ఉంది. నోట్లో పోసుకోగానే అలవాటుగా నాలుక తొట్టి కోసం వెతికింది. ఎదురుగా ఆవిడ గుండుసూదులు పక్కన పెట్టి నా ముఖంలోకి చూస్తున్నారు.

మింగాను. గొంతు కూడా ఆశ్చర్యపోయింది.

"బాగుందా?"

"చాలా బాగుందండీ," అన్నాను. అన్నయ్య విని ఉంటే ఏడ్చేవాడు.

ఆవిడ మాత్రం కాఫీ తాగరు, వేడినీళ్ళు తాగుతారు. "నాకు పడదండీ. గుక్కెడు తాగితే చాలు, గుండెల్లో మంట. డాక్టరు ఎప్పుడో మాన్పించాడు," అన్నారు. తను చేసేది ఎలా ఉంటుందో ఆవిడకి అందుకే తెలీదు. మా ఇద్దరికీ ఇది చాలా కలిసొచ్చింది.

అలా రోజూ ఐదింటికి నాకొక కప్పు. ఆవిడ మిషను తొక్కుతూ మాట్లాడేవారు, నేను వినేవాణ్ణి. ఈ బిల్డింగ్‌లో సగం బట్టలు ఆవిడ దగ్గరికే వస్తాయి, అన్నీ వదులు చెయ్యడానికే.

"ఒక్కళ్ళు కూడా లావెక్కలేదంటండీ! బట్టలే చిక్కిపోతున్నాయంట! ప్రెసిడెంటు గారి ప్యాంటు ఇది మూడోసారి విప్పడం. ఆయన్నడిగితే గుడ్డ నాసిరకం అంటాడు. ఇంక విప్పడానికి ఇందులో గుడ్డ లేదు, ప్రెసిడెంటే ఉన్నాడు."

నేను నవ్వేవాణ్ణి. నా నవ్వు నాకే కొత్తగా వినిపించేది. పైకొచ్చాక కొన్న బ్రెడ్డు అలాగే ఉండిపోయేది. కిటికీ దగ్గరి పావురాలు ఒళ్ళు చేశాయి.

ఇంత బాగా జరుగుతుంటే గుండె ఊరుకోలేదు. ఉన్నట్టుండి దడదడా కొట్టుకోవడం, మధ్యలో ఒక దెబ్బ ఎగ్గొట్టడం, మళ్ళీ ఆ ఎగ్గొట్టిన దాన్ని కూడా కలిపి గట్టిగా కొట్టడం. రాత్రుళ్ళు నిద్ర లేదు. భయం వేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుర్రాయన. బల్ల మీద ఆయన చెయ్యంత పొడుగు కాఫీ కప్పు ఉంది.

"కాఫీ తాగుతారా?"

"తాగుతానండీ."

"రోజుకి ఎన్ని కప్పులు?"

"రెండొందల దాకా చూస్తాను."

ఆయన కలం ఆగింది.

"మింగేది ఒకటేనండీ. మిగతావి ఉమ్మేస్తాను. నా ఉద్యోగం కాఫీ రుచి చూడటం."

డాక్టరు గారు నా ముఖంలోకే చూస్తూ, తన కప్పుని మెల్లగా కంప్యూటరు వెనక్కి జరిపారు. అప్పటికే వాసన నాకు చేరింది. తీర్పు మాత్రం మింగేశాను.

చొక్కా విప్పించి, ఛాతీకి వైర్లు అంటించి, వాటిని ఒక చిన్న డబ్బాకి తగిలించి నడుముకి కట్టారు. ఒక రోజంతా ఉంచుకోవాలట. గుండె ఎప్పుడెప్పుడు ఎలా కొట్టుకుందో అది గీతలు గీస్తుందట. దడ వచ్చినప్పుడల్లా దాని మీదున్న మీట నొక్కమన్నారు.

పొద్దున్నంతా ఆఫీసులో జుర్రాను, ఉమ్మాను. గుండె ఉలకలేదు, పలకలేదు. ఐదవుతుండగా మెట్లు దిగడం మొదలుపెట్టాను. అప్పుడు మొదలైంది. మీట నొక్కాను. గుమ్మంలో నొక్కాను. కుర్చీలో కూర్చుని ఇంకోసారి నొక్కాను.

"ఏదో కీచుమంటోందే?" అన్నారు టైలరు గారు.

"ఫోనండీ."

"నడుముకి కట్టుకుంటారా?"

"కొత్త రకం."

మర్నాడు డాక్టరు గారు కాగితం పరిచి చూశారు. "ప్రమాదం ఏమీ లేదండీ. మధ్యమధ్యలో గుండె ఒక దెబ్బ ముందుగా కొడుతోంది, అంతే. చాలామందికి ఉంటుంది. కానీ సాయంత్రం ఐదు దగ్గర చూడండి, ఎలా ఎగిరిందో. అప్పుడేనా కాఫీ తాగింది?"

"ఇంకా తాగలేదండీ. మెట్ల మీద ఉన్నాను."

"అదీ సంగతి. మెట్లు ఎక్కారు."

"దిగానండీ."

ఆయన కాగితం తిప్పి చూశారు. "దిగితే ఎందుకండీ?"

నేను గోడ మీదున్న దంతాల బొమ్మ చూశాను. గుండె డాక్టరు గదిలో దంతాల బొమ్మ ఎందుకుందో ఇప్పటికీ తెలీదు.

"సరే," అని ఆయనే తేల్చేశారు. "రోజూ అదే టైముకి తాగితే ఒళ్ళు దానికోసం ముందే ఎదురుచూస్తుంది. మీరు కంగారు పడకండి. కాఫీ విషం కాదు. చాలామందికి రోజుకి రెండు మూడు కప్పులు ఏమీ చెయ్యవు, మంచి కూడా చేస్తాయి. కానీ ఒక్కో ఒళ్ళు ఒక్కో తీరు. కొందరికి ఒక్క కప్పుకే దడ. పైగా మీకు నిద్ర లేదంటున్నారు. ఐదింటికి తాగింది పదింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది."

"ఉండి ఏం చేస్తుందండీ?"

"మీకు తోడుగా మేలుకుని ఉంటుంది."

ఆయన జోకు వేశారు. నాకు మాత్రం అది అంత చెడ్డ విషయంగా అనిపించలేదు.

"మరి ఆఫీసులో?"

"ఉమ్మినా కొంత లోపలికి పోతుంది. కానీ అది పొద్దున్నే కదా, పర్లేదు. మధ్యాహ్నం దాటాక మాత్రం వద్దు. ఆ సాయంత్రం కప్పు ఒక్కటి మానెయ్యండి. రెండు రోజులు తలనొప్పి రావచ్చు, తగ్గిపోతుంది."

అంటే చూశారా, ఉమ్మే రెండొందలూ ఉంచుకోవచ్చు. మింగే ఆ ఒక్కటే మానాలి.

ఇంటికొచ్చి అద్దం ముందు సాధన చేశాను. "డాక్టరు వద్దన్నారండీ." మరీ రోగిష్ఠిలా ఉంది. "ఈమధ్య తగ్గించానండీ." బంధువుల ఇంట్లో మాటలా ఉంది. అసలు కాఫీ వద్దంటే ఇంక నేనక్కడ కూర్చోవడానికి కారణం ఏముంది? దారం ఎక్కించడానికా? ఆవిడ కళ్ళజోడుకి అప్పటికే తాడు కట్టుకున్నారు.

ఐదింటికి దిగాను. ఆవిడ అప్పటికే కాఫీ కలిపి ఉంచారు. చేతిలో పెట్టారు. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. ధ్యాసంతా ఆ వాక్యం మీదే ఉంది. చెయ్యి తన పని తను చేసుకుపోయింది. గ్లాసు పెదాలకి ఆనింది. జుర్రుమని, ఆఫీసులో పీల్చినట్టు, కిటికీ అద్దం అదిరేలా పీల్చాను. ఒక్క క్షణం ఆగాను. పక్కనే పొడుగాటి బుట్ట ఉంది, సరిగ్గా మా తొట్టి ఎత్తులో. తల తిప్పి అందులోకి ఉమ్మేశాను.

అది కుట్టడం అయిపోయిన బట్టల బుట్ట. పైన ప్రెసిడెంటు గారి తెల్ల ప్యాంటు ఉంది.

మిషను ఆగింది. ఆవిడ ప్యాంటు వైపు చూశారు, నా వైపు చూశారు.

"ఏమైందండీ? బాలేదా?" అన్నారు.

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు. దగ్గు వచ్చిందనొచ్చు, ఈగ పడిందనొచ్చు. కానీ ముప్ఫై ఏళ్ళుగా ఉమ్మిన వెంటనే తీర్పు చెప్పడం అలవాటు. ఉమ్మడం, చెప్పడం ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి, మధ్యలో నేనుండను.

"పాత సరుకు," అని చెప్పింది నా నోరు. "మూత సరిగ్గా పెట్టలేదు. గాలి తగిలింది, చెమ్మ తగిలింది. తడి అట్టపెట్టె వాసన. కనీసం మూడేళ్ళయి ఉంటుంది."

ఆవిడ మిషను చక్రం మీంచి చెయ్యి తీశారు.

"నాలుగు," అన్నారావిడ.

"ఆ?"

"నాలుగేళ్ళు. మా ఆయన కొన్న ఆఖరి డబ్బా అది. ఏం కొన్నా పెద్ద సైజే కొనేవాడు, స్టీలు చెంచా ఫ్రీగా ఇస్తున్నారని. ఆ చెంచాతో రెండు కప్పులు కలుపుకున్నాడు. అంతే." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "నేను తాగలేను, పారెయ్యలేను. మీరు రోజూ చాలా బాగుందంటుంటే, సరే, ఎవరో ఒకరికి పనికొస్తోందిలే అనుకున్నాను."

నేను ఏదో అనబోయాను. సరుకు తనిఖీ అంటే ఇదీ, నేను నాలుకననీ, కొండనాలుక అనే ఆయన ఉన్నాడనీ, డాక్టరు నడుముకి డబ్బా కట్టాడనీ, అన్నీ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టాను. ఏదీ పూర్తి కాలేదు.

"సరేనండి," అన్నారావిడ.

నేను ఆఫీసులో ఎన్ని బస్తాలు వెనక్కి పంపానో లెక్క లేదు. ఏ బస్తానీ అంత మర్యాదగా పంపలేదు. మర్నాడు ఐదింటికి దిగితే తలుపు మూసి ఉంది. లోపల మిషను చప్పుడు వినిపిస్తోంది.

ప్రెసిడెంటు గారు ప్యాంటు కోసం స్వయంగా దిగి వచ్చారట. ఐదో అంతస్తు నుంచి రెండో అంతస్తుకి, మెట్ల మీద, మధ్యలో రెండుచోట్ల కూర్చుని. మరక చూసి కేకలేశారు. ఆవిడ నా పేరు చెప్పలేదు. "కాఫీ ఒలికిందండీ," అన్నారట అంతే. ఆ మధ్యాహ్నమే ఆయన లిఫ్టు కంపెనీకి ఫోను చేశారు. వారం తిరక్కుండా లిఫ్టు బాగైపోయింది. ఏడాదిగా మా అందరి కాళ్ళకి జరగని న్యాయం ఆయన మోకాళ్ళకి ఒక్క వారంలో జరిగింది.

బిల్డింగంతా సంబరపడింది. పిల్లలు పనీపాటా లేకుండా దిగారు, ఎక్కారు. లామినేషన్ బోర్డు తీసేశారు. బాధపడింది నేనొక్కణ్ణే. మెట్లు దిగడానికి ఉన్న కారణం కూడా పోయింది. లిఫ్టులో దిగితే రెండో అంతస్తు ఒక అంకె మాత్రమే. వెలుగుతుంది, ఆరిపోతుంది.

రెండు రోజులు తలనొప్పి వచ్చింది, డాక్టరు చెప్పినట్టే. తర్వాత దడ తగ్గింది. మళ్ళీ వైర్లు పెట్టి చూశారు. గీతలు ఇస్త్రీ చేసినట్టున్నాయి.

"చూశారా? కాఫీయే!" అన్నారు డాక్టరు గారు. ఆయనకి ఎంత ఆనందమంటే, కప్పు దాచడం కూడా మర్చిపోయారు. "ఇప్పుడు నిద్ర పడుతోందా?"

"లేదండీ."

"అదీ పడుతుంది. గుండె మాత్రం గడియారంలా ఉంది."

అవును, గడియారంలాగే ఉంది. ఐదవుతుంది, ఆరవుతుంది. దానికేమీ పట్టదు. బ్రెడ్డు కొనడం మానేశాను. పావురాలు కొన్నాళ్ళు కిటికీ దగ్గర ఎదురుచూసి, ఎదురింటి వాళ్ళకి అలవాటు పడ్డాయి. అన్నయ్య ఇంటికెళ్తే వదిన మజ్జిగ తెచ్చింది.

"వదినా, కాఫీ ఇవ్వవా? బాగుందంటాను," అన్నాను.

వదిన అన్నయ్య వైపు కంగారుగా చూసింది. "ఏవండీ, మరిదికి ఒంట్లో బాలేదేమో, కాస్త చూడండి," అంది.

నిన్న ఆఫీసు నుంచి వచ్చి లిఫ్టు ఎక్కాను. తలుపు మూసుకుంటుండగా ఒక చెయ్యి అడ్డం వచ్చింది. వెనకే దారపుండల సంచి, దాని వెనక టైలరు గారు. ఆవిడ రెండు నొక్కారు, నేను మూడు నొక్కాను. ఇద్దరం అంకెల వైపు గంభీరంగా చూస్తూ నిలబడ్డాం.

లిఫ్టు ఒకటి దాటాక ఆవిడే అన్నారు. "మీ చొక్కాల మీద ఎప్పుడూ సన్న మరకలుంటాయి, జల్లినట్టు. నేనేమనుకున్నానో తెలుసా? మీకు మూతి వణుకుతుందనుకున్నాను. అందుకే పెద్ద గ్లాసులో సగమే పోసేదాన్ని, ఒలకబోసుకోకుండా."

"అయ్యో. అది తుంపరండీ. పీల్చినప్పుడు..."

"ఆ రోజు చెప్పారుగా. సగం అర్థమైంది." సంచి చెయ్యి మార్చుకున్నారు. "ఇన్ని రోజులూ అది ఎలా మింగారండీ?"

"అలవాటైపోయిందండీ," అన్నాను. ఇంతకంటే మంచి మాట తర్వాత మా ఇంటి తాళం తీస్తుంటే తట్టింది.

రెండో అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ దిగి, తలుపుకి సంచి అడ్డం పెట్టి వెనక్కి తిరిగారు.

"డబ్బాలో ఇంకొక్క కప్పుకి సరిపడా ఉంది. ఆ రోజు నుంచి మూత తియ్యలేదు. ఎవరో ఒకరు తాగి ముగించాలి, నా వల్ల కాదు. రేపు ఐదింటికి రండి. ఉమ్మాలనిపిస్తే ఉమ్మండి, గిన్నె పెడతాను. ప్యాంట్లు మాత్రం లోపల పెట్టేస్తాను."

సంచి తీసేశారు. తలుపు మూసుకుంది. నడుముకి డబ్బా లేదు గానీ, ఉండి ఉంటే మీట అరిగిపోయేది.

ఇదీ సంగతి. ఆ రేపు ఇవాళే. ఇంకాసేపట్లో ఐదవుతుంది. చదువుతున్న మీరంతా నాలుగు ఇళ్ళల్లో కాఫీలు తాగినవాళ్ళు, కాస్త ఆలోచించి చెప్పండి.

మింగితే డాక్టరు ఊరుకోరు. దడ రావచ్చు, నిద్ర ఎలాగూ లేదు. ఉమ్మితే ఆ మనిషి కొన్న ఆఖరి డబ్బాలో ఆఖరి చెంచాడు, ఆవిడ కళ్ళ ముందే, గిన్నెలో. ఆవిడ గిన్నె పెడతానన్నారు నిజమే. పెట్టినంత మాత్రాన వాడమనా? మన ఇళ్ళల్లో "మొహమాటపడకండి" అంటే మొహమాటపడమనే కదా అర్థం? గిన్నె సంగతి కూడా అంతేనా? టైలర్ల ఇళ్ళల్లో వేరుగా ఉంటుందా?

సరే, మింగుతాననే అనుకోండి. కష్టం అక్కడే ఉంది. ఆ కప్పుతో డబ్బా అయిపోతుంది. ఎల్లుండి ఐదింటికి నేను ఏ వంకతో ఆ గుమ్మం ముందు నిలబడాలి? మా కంపెనీ నుంచి మంచి పొడి తీసుకెళ్దామా అంటే, ఆయన డబ్బా ఉన్న చోట నా డబ్బా పెట్టినట్టుంటుంది. అది నా నోటితో నేను అనలేని మాట.

ఆవిడతో పాటు నువ్వూ వేడినీళ్ళు తాగొచ్చు కదా అని మీలో ఎవరో అంటున్నారు, నాకు వినిపిస్తోంది. డాక్టరుకి కూడా అభ్యంతరం ఉండదు. కానీ వేడినీళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటాయండీ. నా ఇంట్లో కూడా ఉన్నాయి. బాగుపడ్డ లిఫ్టు వదిలేసి, వేడినీళ్ళ కోసం ఒక అంతస్తు మెట్లు దిగి వచ్చాడంటే, వాడు నీళ్ళ కోసం రాలేదని చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. అలా తెలియనివ్వొచ్చంటారా? యాభై ఆరేళ్ళ వాడు, మూతి వణుకుతుందని పేరు పడ్డవాడు, ప్రెసిడెంటు ప్యాంటు మీద ఉమ్మినవాడు?

దయచేసి చెప్పండి. మింగమంటారా, ఉమ్మమంటారా, నీళ్ళు అడగమంటారా? ఏదైనా సరే, కాస్త త్వరగా చెప్పండి బాబూ. కింద మిషను చప్పుడు ఆగింది. పాలు కాగుతున్న వాసన వస్తోంది. మూడోసారి కాగుతున్నాయి.